శనివారం కొనని ఇనుము

సదాశివ ఇంటికి రావడం పావుగంట ఆలస్యమైతే చాలు, బస్వమ్మ మనసులో ఒక లారీ బయల్దేరేది. అది ఎటునుంచి వస్తుందో, ఎంత వేగంతో వస్తుందో ఆమెకు తెలుసు. పన్నెండేళ్ల కింద చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీద అది ఒకసారి నిజంగానే వచ్చింది. ఆమె పెనిమిటి వీరప్ప కొత్త సైకిలుతో సహా దాని కింద పడ్డాడు. సైకిలు కొని అప్పటికి మూడు వారాలు. కొన్నది శనివారం. శనివారం నాడు ఇనుము కొనవద్దని అత్తగారు పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. ఆ మాట బస్వమ్మ మొగుడితో అన్నది కూడా. "నాకు దొరికేదే శనారం సెలవు. సైకిలేమన్న బేస్తారం దానంతట అదే నడుసుకుంట వస్తదా?" అని ఆయన నవ్వాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉంటే, కాళ్లకు అడ్డం పడి ఉంటే అని ఆమె ఈ పన్నెండేళ్లూ అనుకుంటూనే ఉంది.

మిగిలింది ఒక్క కొడుకు. జహీరాబాద్ అవతల చక్కెర ఫ్యాక్టరీలో సదాశివది సీజన్ నౌకరి. చెరుకు ఆడినన్ని రోజులు ల్యాబులో రసం పరీక్షలు, చిమ్నీ ఆరిన నాడు రిజిస్టరులో పేరు కొట్టివేత. మళ్లీ చెరుకు బండ్లు గేటు ముందు బారు తీరేదాకా ఇంట్లో కూర్చోవాలి. మూడు సీజన్లు అట్లాగే గడిచాయి. వాడికి ఇరవై నాలుగేళ్లు. చేతిలో పర్మినెంట్ కాగితం లేని వాణ్ని ఊళ్లో ఎవరూ మనిషి కింద లెక్కపెట్టటం లేదు.

ఆ కాగితానికి ఒక దారి దొరికింది, అదీ ఎవరూ అనుకోని వైపు నుంచి. కోస్తా నుంచి వచ్చిన జనరల్ మేనేజర్ అమర్నాథ్‌కు గోల్ఫ్ పిచ్చి. ఫ్యాక్టరీ వెనకాల ఎర్రమట్టి బీడులో తుమ్మలు కొట్టించాడు. ఆరు గుంతలు తవ్వించాడు. గడ్డి మొలిచే నేల కాదు గనక గుంతల చుట్టూ ఇసుకలో కాలిన ఇంజను నూనె కలిపి గుండ్రంగా పరిపించాడు. మైదానం చూసుకోవడానికి పీటర్‌ను పెట్టాడు. పీటర్ కుర్రతనంలో బొల్లారంలో దొరల సంచులు మోసి ఆట నేర్చినవాడు, వీరప్పకు ప్రాణ స్నేహితుడు. ఆయన సదాశివ చేతికి తన దగ్గరున్న, బంతి కొట్టే మూడు పాత గోల్ఫ్ కట్టెలు ఇచ్చి, షిఫ్టు అయ్యాక ఆడించటం మొదలుపెట్టాడు. మూడేళ్లలో సదాశివ ఆఫీసర్లతో సమానంగా ఆడేదాకా వచ్చాడు.

బస్వమ్మకు మొదట బంతి భయం పట్టుకుంది, రాయిలాంటిది కణతకు తగిలితే ఏం గాను అని. తరవాత పాముల భయం. వానాకాలంలో ఇనుప కట్టె ఎత్తి బయట నిలబడితే పిడుగు పడుతుందన్న భయం. కొడుకు బాగా ఆడుతున్నాడని నలుగురూ అనటం మొదలుపెట్టాక, దిష్టి భయం.

ఎనభై ఆరు జనవరిలో అమర్నాథ్ ఒక మాట చెప్పాడు. ఫిబ్రవరిలో సికింద్రాబాద్‌లో ఫ్యాక్టరీల పోటీ. ఇక్కడి నుంచి నలుగురు వెళ్లాలి. ముగ్గురు ఆఫీసర్లు ఖాయం. నాలుగో మనిషి కోసం నెలాఖరు ఆదివారం ఇద్దరు ఆడాలి: ఒకరు సదాశివ, ఇంకొకరు చెరుకు సూపరింటెండెంటు మేనల్లుడు మదన్‌మోహన్. వాడూ సీజన్ మనిషే. ఎవరు గెలిస్తే వాడికి ఆటగాడి కోటాలో పర్మినెంట్ కాగితం. అయితే ఎవరి కట్టెలు వాళ్లే తెచ్చుకోవాలి. మూడు కట్టెలతో పెద్ద పోటీకి వెళితే నవ్విపోతారు. పూర్తి సెట్టు కావాలి.

గురువారం మధ్యాహ్నం పీటర్ రెండు పొడుగు సంచులు తెచ్చి వాకిట్లో దించాడు.

"వదినె, చాయ పెట్టు. ఇయ్యాల మీ ఇంట్ల పెండ్లిచూపులు."

"ఎవరికి?"

"ఇంకెవరికి, వీనికే. పిల్లలు ఇద్దరు. ఒకతె సన్నం, ఒకతె జర దొడ్డు."

సన్నపు సెట్టు అమర్నాథ్ సారుది. విలాయతి సరుకు, బంతికి తగిలే పలకలు అద్దాల్లా మెరుస్తున్నాయి, అంచు చూస్తే కత్తి. ఊరికే ఇస్తాను తీసుకొమ్మన్నాడు. దొడ్డు సెట్టు బీదర్ ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరుది. ఆయనకు బదిలీ అయింది, అమ్ముతున్నాడు. ఆ పలకలకు వెనక గుంట తొలిచి, బరువంతా అంచులకు పోసి ఉంది. చూడటానికి మొద్దుగా, వంటింటి అట్లకాడలకు అన్నల్లా ఉన్నాయి.

"ఇందుట్ల చూసుడేముంది?" అంది బస్వమ్మ. "సాబ్‌వి బంగారం లెక్క ఉన్నయ్."

"చూసి కాదు వదినె, కొట్టి చెప్పాలె." పీటర్ సుద్దముక్క నూరి, రెండు సెట్లలోనూ ఏడో నంబరు కట్టె పలక మీద పొడి రుద్దాడు. ఇంటి ఎదుటి బీడులో సదాశివ ఒక్కోదానితో ఇరవై బంతులు కొట్టాడు. పీటర్ రెండు పలకలూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. బంతి తగిలిన చోటల్లా సుద్ద రాలి మచ్చ పడింది. రెండిటి మీదా మచ్చలు నడుమ కొన్ని, పక్కల కొన్ని, పిట్టలు గింజలు ఏరుకున్నట్టున్నాయి.

"రెండిట్ల ఒక్కతీర్గనే తప్పిండు గద."

"గదే కత. పిల్లగాడు ఇంక నేర్సుకుంటుండు, తప్పులు చేస్తడు. సన్నపుది తప్పుకు శిక్ష ఏస్తది. దొడ్డుది మాఫ్ చేస్తది. అటు సూడు, బంతులు ఏడ పడ్డయో."

చూసింది. సన్నపు కట్టె బంతులు తుమ్మల నుంచి కాలువ దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. దొడ్డు కట్టెవి రెండు దుప్పట్లు పరిచినంత జాగాలో పడి ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. అమర్నాథ్ సారు పొట్టి. తన ఎత్తుకు కోయించుకున్న కట్టెలవి. సదాశివ వీరప్ప లాగా ఆరడుగుల మనిషి. ఆ కట్టె పట్టుకుంటే కలుపు తీసేవాడిలా వంగిపోతున్నాడు. పీటర్ బండ మీద కట్టె ఆనించమని, పలక మడమ కింద పోస్టు కార్డు దూర్చి చూపించాడు. సగం దాకా దూరింది, అంటే పలక నేలకు సరిగా ఆనటం లేదు. దొడ్డు కట్టె కింద అంచు కూడా దూరలేదు.

"మంచి కట్టె ఏదని అడగొద్దు బిడ్డా. నా చేతికి ఏది మంచిదని అడగాలె. రేపు నీ ఆట ముదిరినంక సన్నపుది పట్టు, ఎవరు వద్దన్నరు."

"కాకా, నాకు దొడ్డుదే," అన్నాడు సదాశివ.

బస్వమ్మ అడ్డం వచ్చింది. "సాబ్ పిలిచి ఇస్తుంటె వద్దంటవా? ఆయనకు కోపమొస్తె?"

"కాళ్లకు పట్టని చెప్పులు దేవుడిచ్చినా ఎట్ల తొడుక్కోవాలమ్మా?"

సాయంత్రం వాడే వెళ్లి, చేతులు కట్టుకుని చెప్పి, సన్నపు సెట్టు సారుకు తిరిగి ఇచ్చి వచ్చాడు. సారు నవ్వాడట. నవ్వు ఎట్లా ఉంది, పళ్లు కనిపించాయా, ఆ తరవాత ఏమన్నా అన్నాడా అని బస్వమ్మ నాలుగుసార్లు అడిగింది.

ఆఫీసరు శనివారం పొద్దున ఇక్కడి ఆఖరి ఆట ఆడుకుంటానని, తన కట్టెలు శుక్రవారానికి వెనక్కి పంపమన్నాడు. శనివారం మధ్యాహ్నం డబ్బు తెచ్చి పట్టుకెళ్లమన్నాడు. ఆదివారం తెల్లవారగానే ఆయన సామాన్ల లారీ బయల్దేరుతుంది. సదాశివకు శనివారం పగటి షిఫ్టు. అందుకని పీటర్ వెళ్లి తేవాలని ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఏ రోజన్నది సదాశివ తల్లికి చెప్పలేదు. శనివారం పొద్దున షిఫ్టుకు వెళుతూ, చెప్పులు తొడుక్కుంటూ, "కాక వస్తడు, డబ్బ ఇయ్యమ్మా," అని మాత్రం అన్నాడు.

పది గంటలకు పీటర్ వచ్చేసరికి బస్వమ్మ డబ్బు దాచిన రేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది.

"ఇటియ్యి వదినె, బస్సు దొరకవట్టాలె."

"ఇయ్యాల ఏం వారం పీటరు?"

పీటర్ తల గోక్కున్నాడు. "మాకు ఐతారం ఒక్కటే యాదుంటది. తక్కినయి మీరు చూస్కోవాలె."

"శనారం."

"అయితే?"

"అయితే అని నువ్వంటవా? రోడ్డు మీదికెల్లి ఆయనను ఎత్తిన చేతులు నీయి గావా?"

పీటర్ అరుగు మీద కూలబడ్డాడు. నెమ్మదిగా అన్నాడు. "ఆ లారోడు తాగి ఉన్నడు వదినె. శనారం ఏం చేసింది? సారా చేసింది."

"సారా దినాం తాగుతరు. ఆయన దినాం సచ్చిండా?"

పీటర్ బస్సు వచ్చే వైపు చూశాడు.

"రేపు పొద్దు పొడిచినంక పో. ఐతారం సూర్యుని దినం, మంచిది."

"లారీ తెల్లారంగనే పోతదని చెప్పిండు గద ఆయన."

"సామాను ఎక్కియ్యాలె, తాడు కట్టాలె, గంట లేట్ గాదా?"

"మిలట్రోళ్లు లేట్ గారు వదినె."

బస్వమ్మ డబ్బా పక్కన పెట్టి, లేచి వచ్చి పీటర్ కాళ్లు పట్టుకుంది. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు. "ఇంకొక్క మాట," అందామె, "వానికి చెప్పకు. చెప్తె షిఫ్టు ఇడిసిపెట్టి వాడే ఉరుకుతడు. నీ బిడ్డల మీద ఒట్టు."

"బిడ్డల మీదికెందుకు వస్తవమ్మా," అని పీటర్ విసుక్కున్నాడు గాని, లేవబోయిన వాడు మళ్లీ కూర్చున్నాడు. చివరికి, "నాకు జరమొచ్చిందని చెప్త. తొల్త బస్సుకు పోత," అని డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

బస్వమ్మకు ఊపిరాడింది. ఆ ధైర్యంతోనే మధ్యాహ్నం జొన్నలు తీసుకుని పిండి గిర్నీకి వెళ్లింది. అక్కడ మదన్‌మోహన్ తల్లి మనోరమ గోధుమ డబ్బా పెట్టుకుని వంతు కోసం నిలబడి ఉంది.

"ఏమక్కా, సదాశివ సాబ్ కట్టెలు తిప్పి పంపిండట? ఊరంత అనుకుంటున్నరు. మావోడైతే సాబ్ పాత చెప్పులిచ్చినా నెత్తిన పెట్టుకుంటడు."

ఆ మాట బస్వమ్మకు చురుక్కుమంది. కొడుకు పొగరుబోతు అనుకుంటారేమో, ఆ మాట సారు చెవిన పడుతుందేమో అని, వివరంగా చెప్పుకొచ్చింది. సారువి కొలత కుదరలేదని, బీదర్ ఆఫీసరువి కుదిరాయని, పీటర్ ఈ రోజే వెళ్లవలసిందని, శనివారం గనక తానే ఆపానని, రేపు పొద్దున తెస్తాడని.

"మంచి పని చేసినవక్కా," అంది మనోరమ. "శనారం ఇనుము కొనుడంటె పాముపిల్లను ఒళ్లె ఏసుకున్నట్టే." డబ్బా మూత సర్దుతూ, "ఆఫీసరు క్వార్టరు ఏడనో ఏమో పాపం, పీటర్‌కు ఎర్కనేనా?" అంది.

"గేటు కాడ అడిగితె చెప్తరట."

మనోరమ కొంగు సర్దుకుంది. "నా పిండి జర చూస్కో అక్కా. పొయ్యి మీద పాలు పెట్టి మర్సిపోయి వచ్చిన."

వెళ్లిన మనిషి గంట దాటినా రాలేదు. బస్వమ్మ రెండు డబ్బాలూ పిండి పట్టించింది. మనోరమ పిండి వేడి చల్లారేదాకా మూత తీసి ఉంచింది, దారిలో ఒలకకుండా ఒక చేత్తో అదిమిపట్టి, వాళ్ల గడపలో దించి వచ్చింది. ఇంటి ముందు ఎప్పుడూ ఉండే స్కూటరు ఆ వేళ లేదు. చూసింది, కాని ఆ చూపు మనసు దాకా పోలేదు.

ఆదివారం పది గంటలకు పీటర్ ఒట్టి చేతులతో వచ్చాడు. డబ్బా గట్టు మీద పెట్టి నిలబడ్డాడు. సదాశివ ఎదురు వెళ్లాడు.

"ఏది కాకా?"

"పోయింది బిడ్డా. ఆయన లారీ ఎక్కుతుంటె అందుకున్న. నిన్న నాలుగు గంటలకు మీ ఫ్యాక్టరీ పిల్లగాడే వచ్చి పైసలిచ్చి తీస్కపోయిండు గద అన్నడు. నేనే పంపిన్ననుకున్నడట."

"ఎవడు?"

"స్కూటర్ మీద వచ్చిండన్నడు."

సదాశివ ముఖం మాడిపోయింది. "నిన్న నువ్వు ఎందుకు పోలె?"

"జరమొచ్చిందని చెప్పిన గద."

"జరమా, కల్లా?"

"సదా..."

"వానికి ఆ సంగతి ఎవరు చెప్పిన్రు? నీకు నాకు తప్ప ఎవరికి ఎర్క? ఎంతిచ్చిండు కాకా మదన్‌మోహన్? ఎంతకమ్మినవ్ నన్ను?"

పీటర్ తలెత్తి, వాకిలి లోపల కూర్చున్న బస్వమ్మ వైపు చూశాడు. ఒక్క మాట చాలు. నేనే ఆపాను, నేనే గిర్నీలో వాగాను అంటే చాలు. ఆమె నోరు తెరవబోయింది. కొడుకు కళ్లు చూసింది. ఆ కళ్లు తన వైపు తిరిగితే ఎట్లా ఉంటాయో ఊహించుకుంది. చేతిలో జల్లెడ ఉంది. తల వంచి పిండి జల్లించడం మొదలుపెట్టింది. పిండి పడినా పడకపోయినా టపటపమని జల్లెడ కొడుతూనే ఉంది.

"చిన్నోనివి బిడ్డా. నేనేమనను," అని పీటర్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆమె పెట్టిన చాయ గట్టు మీదే మీగడ కట్టింది.

ఇంక మిగిలింది ఒక్కటే దారి. వద్దని తిరిగి ఇచ్చిన కట్టెల కోసం సదాశివ మళ్లీ సారు బంగళాకు వెళ్లాడు. "ఏమయ్యా, మనసు మారిందా?" అని సారు అందరి ముందూ అడిగాడట. అరగంట నిలబెట్టి, లోపలి నుంచి సంచీ తెప్పించాడట. ఇనుము చేతి నుంచి చేతికి తీసుకోకూడదు, కింద పెట్టమని తీసుకున్నావా అని బస్వమ్మ అడిగింది. వాడు సంచీ గోడకు ఆనించి బయటికి వెళ్లాడు.

రెండు వారాలు రోజూ సన్నపు కట్టెలతో కుస్తీ పట్టాడు. పక్కన నిలబడి చెప్పడానికి పీటర్ లేడు. మైదానంలో ఇద్దరూ ఎదురైతే ఒకరు తల తిప్పుకునేవారు. నడుమ తగిలిన బంతి వెన్నలాగా పోయేది. అది పదింటికి మూడు. తక్కిన ఏడుసార్లూ చెయ్యి జుమ్మని, మోచేతి దాకా నొప్పి పాకేది. అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయాయి. బస్వమ్మ రోజూ పసుపు వెన్న కలిపి రాస్తూ, "సాబ్ కట్టెలు గద బిడ్డా, సాబ్ దయ కూడ ఉంటది," అనేది. ఆ మాట తనకే వినాలనిపించి పదేపదే అనేది.

పోటీ రోజు ఆగలేక తనూ వెళ్లింది. చెరుకు బండ్ల వాళ్లు కొందరు, ఆఫీసర్ల ఆడవాళ్లు కొందరు కంచె దగ్గర నిలబడ్డారు. మనోరమ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆరు గుంతలూ మూడు చుట్లు ఆడాలి. బస్వమ్మకు ఆట తెలియదు గాని, ఆ పూట చెవులతో నేర్చుకుంది. మంచి దెబ్బకు ఒక చప్పుడు, తప్పుడు దెబ్బకు ఒక చప్పుడు. కొడుకు కట్టె నుంచి తప్పుడు చప్పుడు వచ్చినప్పుడల్లా బంతి వంకర తిరిగి తుమ్మల్లోకి పోయేది. వాడు ముళ్లలో వంగి వెతుక్కునేవాడు. అయినా పట్టు విడవలేదు. ఆఖరి గుంత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానమని ఎవరో అన్నారు.

మదన్‌మోహన్ బీదర్ నుంచి తెచ్చిన దొడ్డు కట్టెతో ముందు కొట్టాడు. చప్పుడు తప్పుడుదే. బస్వమ్మ మనసులో దేవుడికి కొబ్బరికాయ మొక్కేసింది. ఆ బంతి మాత్రం కుంటుకుంటూ అయినా ముందుకే ఎగిరింది, నూనె ఇసుక అంచున పడి ఆగింది. తరవాత సదాశివ వంగాడు. ఆ చప్పుడూ అటువంటిదే, వెంట్రుకవాసి తేడా లేదు. బంతి కుడి వైపు దూసుకుపోయి కంచె దాటి చెరుకు బండి కింద పడింది. ఎద్దు ఉలిక్కిపడి తల విదిల్చింది. బండివాళ్లు నవ్వారు.

రెండు దెబ్బల తేడాతో ఓడిపోయాడు.

అమర్నాథ్ సారు మదన్‌మోహన్‌కు చెయ్యిచ్చి, తరవాత సదాశివ భుజం తట్టాడు. "నీ ఆటకేం వంక లేదయ్యా. ఆ కట్టెలే మొండివి. నాకూ ఏనాడూ లొంగలేదు, అందుకేగా నీకిచ్చేసింది!" అని హాయిగా నవ్వాడు. చుట్టూ ఉన్న ఆఫీసర్లు నవ్వారు. సదాశివ కూడా నవ్వాడు. ఆ నవ్వు బస్వమ్మ చూడలేకపోయింది.

పక్కనే మనోరమ ఉంది. ఉండబట్టలేక అడిగేసింది. "శనారం ఇనుము ఎట్ల కొన్నవ్ మనోరమా? భయం కాలేదా?"

"అయ్యో, శనారం మేమెందుకు తెస్తమక్కా!" మనోరమ నిజంగానే నొచ్చుకుంది. "పైసలే ఇచ్చినం శనారం. సంచి బీదర్‌ల మా చిన్నమ్మ ఇంట్ల పెట్టిచ్చి, ఐతారం పొద్దు పొడిచినంక ఇంటికి తెచ్చుకున్నం. ఇనుము గడప దాటొద్దు గని, పైసలిస్తె ఏం దోషం? ఇది ఎవల్నడిగినా చెప్తరు గద. నీకు ఎర్కలేదా?"

బస్వమ్మకు ఎరుక లేదు. భయపడటం తప్ప భయానికి పక్కనుంచి నడిచే దారి ఉంటుందని ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

పొద్దు గుంకే వేళకు సదాశివ వాకిట్లో కూర్చుని, తిరిగి ఇచ్చెయ్యడానికి సారు కట్టెలు తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఎర్రమట్టి గీతల్లో నుంచి చీపురు పుల్లతో గీకి తీస్తున్నాడు. బస్వమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పీటర్ ఏం చెయ్యలే బిడ్డా."

వాడు తుడుస్తూనే ఉన్నాడు.

"ఆ శనారం నేనే ఆపిన. జరం రాలె ఆయనకు. కాళ్లు పట్టుకున్న, బిడ్డల మీద ఒట్టు పెట్టిన. గిర్నీల మనోరమకు చెప్పింది నేనే. నాయిన లెక్క నువ్వు..." అని ఆగిపోయింది. పన్నెండేళ్లుగా ఆ మాట ఎక్కడ ఆపినా ఏడుపు వచ్చేది. ఇప్పుడు రాలేదు.

సదాశివ చీపురు పుల్ల పక్కన పెట్టాడు. "కాకను నేను అంతమాటన్నప్పుడు నువ్వు లోపటనే ఉన్నవ్."

"ఉన్న."

"పిండి జల్లిస్తున్నవ్."

"ఊఁ."

అరుస్తాడనుకుంది. కట్టె విసిరికొడతాడనుకుంది. రెండిటికీ సిద్ధపడే వచ్చింది. వాడు లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా పీటర్ ఇంటి వైపు నడిచాడు. వచ్చేసరికి చీకటి పడింది. ఏమన్నాడు, ఆయన ఏమన్నాడు అని అడిగింది. "ఏమన్లే," అన్నాడు. అన్నం తిని, కంచం తనే కడుక్కుని వెళ్లి పడుకున్నాడు.

సికింద్రాబాద్‌లో ఫ్యాక్టరీ జట్టు అందరికన్నా కింద మిగిలింది. అయినా మదన్‌మోహన్‌కు కాగితం వచ్చింది. మనోరమ పేడాలు పంచింది, వీళ్లింటికీ పంపింది. ఏప్రిల్‌లో చిమ్నీ ఆరింది. రిజిస్టరులో సదాశివ పేరు కొట్టేశారు. పీటర్ ఇచ్చిన మూడు పాత కట్టెలు ఆయనకే తిరిగి చేరాయి.

ఇదివరకు సదాశివ గడప దాటితే ఏ బస్సు, ఎవరితో, ఎన్నింటికి వస్తాడు, అన్నీ చెప్పి వెళ్లేవాడు. చెప్పకపోతే తల్లి నిలబడనిచ్చేది కాదు. ఇప్పుడు పొద్దున్నే స్నానం చేసి బయల్దేరేవాడు. "ఎటు బిడ్డా?" అంటే "పని మీద." "ఏం పని?" అంటే "ఉంది." కోపం లేదు, విసుగు లేదు. జబ్బు మనిషి దగ్గర మాట్లాడినట్టు మెత్తగా, రెండే మాటలు. గట్టిగా అడిగితే ఆ రెండు మాటలూ పోతాయేమోనని ఆమె అడగటం తగ్గించింది.

మే నెలలో, రాయికోడ్ నుంచి చింతపండు అమ్మవచ్చిన నర్సమ్మ తక్కెడ పట్టుకుని, "మీ పిల్లగాడు మా ఊళ్లె పప్పుమిల్లుల కాంటా కాడ ఉంటుండు గదమ్మా. మంచోడు, తూకం పక్కా," అంది.

"అవును," అంది బస్వమ్మ, తనకు ముందే తెలిసినట్టు.

ఆ రోజు సదాశివ ఎండపూట దాటాక వచ్చాడు. జుట్టులో, కనుబొమల మీద కందిపొట్టు ఉంది. ఇన్నాళ్లూ ఊరి బయటే దులుపుకుని వచ్చేవాడేమో, ఆ వేళ మరిచిపోయినట్టున్నాడు. పప్పుమిల్లులో మిషను పట్టాలు ఊడిపోయి చేతులు పోయిన వాళ్ల కథలు బస్వమ్మకు నాలుగైదు తెలుసు. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిన వాళ్ల కథలు ఇంకా ఎక్కువ తెలుసు. అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. మింగింది. చెయ్యి చాచి, వాడి చెవి మీద అంటుకున్న పొట్టు తియ్యబోయింది.

వాడు తల పక్కకు తీసుకున్నాడు. తనే దాన్ని వేళ్లతో పట్టి తీసి, వాకిలి బయట పారేసి వచ్చాడు.

"నీళ్లు పెట్టమ్మా," అన్నాడు.

ఆమె లేచి నీళ్లు పెట్టింది.